యుద్ధకాలపు క్రైస్తవ నవలల్లో మీకు ఏది సరిపోతుంది?

గుంటూరులో మా సంఘం పుస్తకాల బీరువా చూసుకునేది నేనే. పుస్తకం కోసం వచ్చేవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే: "ధైర్యం ఇచ్చే పుస్తకం ఏదైనా ఉంటే ఇవ్వండి." ప్రసంగాల పుస్తకాలకీ, అనుదిన ధ్యానాలకీ మన దగ్గర కొదవ లేదు. కానీ మనసు బాగా నలిగి ఉన్నప్పుడు బోధ ఎక్కదు, కథ ఎక్కుతుంది. ఊరి మీద బాంబులు పడుతున్నా, ఇంట్లోంచి మనుషుల్ని ఈడ్చుకుపోతున్నా దేవుణ్ణి వదలని మనిషి ఆ రోజులు ఎలా గడిపాడో చదివితే, మన ఆసుపత్రి వరండాలో ఇంకో రాత్రి కూర్చోగలం అనిపిస్తుంది. అయితే ఈ నవలలన్నీ ఒకేలా పనిచేయవు. ఒకరికి ఊపిరి పోసిన పుస్తకం ఇంకొకరిని మరింత కుంగదీస్తుంది. చూసి ఎంచుకోవాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అందరూ క్షేమంగా ఇల్లు చేరే నవల కంటే, కొందరు చేరలేని నవలే విశ్వాసికి ఎక్కువ కాలం తోడుంటుంది. "ప్రార్థన చేశారు, తలుపు తెరుచుకుంది" అని ప్రతి అధ్యాయంలోనూ జరిగే కథ చదువుతున్నంతసేపు బాగుంటుంది. మన తలుపు తెరుచుకోని రోజున అదే కథ మనల్ని నిలదీస్తుంది, నీ విశ్వాసం చాలలేదేమో అని. హబక్కూకు ప్రవక్త కల్దీయుల సైన్యం వస్తుందని తెలిసి కూడా, అంజూరపు చెట్టు పూయకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా యెహోవాలో ఆనందిస్తానన్నాడు. యుద్ధ నవలకి నేను పెట్టే కొలత ఆ మూడో అధ్యాయమే.

మనం యుద్ధం చూడలేదు, యూరప్ కథలు మనకెందుకు అనేవాళ్లున్నారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అంతకు కొన్ని నెలల ముందు, 1941 డిసెంబరులో బర్మాలోని రంగూన్ మీద బాంబులు పడ్డప్పుడు అక్కడి రేవులో, మిల్లుల్లో మన తెలుగు కూలీలు వేలల్లో ఉన్నారు. ఓడ దొరకనివాళ్లు అరకాన్ దారినో, మణిపూర్ కొండల మీదుగానో నడిచి వచ్చారు. దారిలో ఆకలికీ కలరాకీ ఎందరో రాలిపోయారు. మన కోస్తాలో ఆ నడక సంగతి ఇంట్లో పెద్దల నోట విన్నవాళ్లు ఇంకా ఉన్నారు. కాబట్టి హాలండ్‌లో ఒక ఇంటివాళ్లు రాత్రికి రాత్రి మూట కట్టుకునే ఘట్టం చదివితే అది పరాయి కథ అనిపించదు.

దాచిన ఇళ్లు, చెరసాలలు

ఎక్కువగా దొరికేవి ఈ రెండు రకాలే. రెండూ రెండో ప్రపంచ యుద్ధం గురించే అయినా చదివేవాడి మీద చాలా వేరుగా పనిచేస్తాయి.

మొదటి రకంలో ఒక మామూలు కుటుంబం, హిట్లర్ నాజీలు వేటాడుతున్న యూదుల్ని తమ ఇంట్లో దాస్తుంది. అటక మీద, గోడ వెనక, చర్చి నేలమాళిగలో. ఈ కథలకు ఆధారమైన సంగతులు నిజంగా జరిగినవే. ఫ్రాన్స్‌లో లె షాంబోన్ అనే కొండ మీది పల్లె ఉంది. అక్కడి జనం చాలావరకు, ఒకప్పుడు తమ విశ్వాసం కోసం హింసలు పడ్డ ప్రొటెస్టెంట్ల సంతతి. పాస్టర్ ఆంద్రే త్రోక్మే, ఆయన భార్య మాగ్దా ముందుండగా ఆ పల్లె, చుట్టుపక్కల ఊళ్లు కలిసి వేలమంది శరణార్థులకు చోటిచ్చాయి. ఆ దంపతుల్ని యుద్ధం తర్వాత అడిగినవాళ్లకి దొరికిన జవాబు చాలా సాదా: తలుపు తట్టారు, తీశాం. పాస్టర్ గారి బంధువు దనియేల్ త్రోక్మే మాత్రం తను చూసుకుంటున్న విద్యార్థులతోపాటు అరెస్టయి, 1944లో మైదానెక్ అనే నాజీ క్యాంపులో చనిపోయాడు. 1990లో ఇజ్రాయెల్‌లోని యూదుల మారణహోమ స్మారక సంస్థ యాద్ వషేమ్ ఆ ఊరి జనాన్ని మొత్తంగా గౌరవించింది.

ఇలాంటి నవల ఎవరికి? "నేనొక్కదాన్ని ఏం చేయగలను" అనుకునేవాళ్లకి. ఆఫీసులో జరుగుతున్న అన్యాయం చూస్తూ నోరు విప్పలేనివాళ్లకి, పక్కింటి అమ్మాయి దెబ్బలు తింటున్న చప్పుడు రోజూ వింటున్నవాళ్లకి. ఇందులో ధైర్యం అంటే ఒక ప్లేటు ఎక్కువ పెట్టడం, అడిగినవాడికి జవాబు చెప్పకపోవడం, రేషన్ కార్డు ఇంకొకటి సంపాదించడం. మన చేతికి అందే పనులు. ఈ రకంలో ఉన్న చిక్కల్లా పరుగు. సోదాలు, తప్పించుకోవడాలు, సరిగ్గా ఆఖరి నిమిషంలో సాయం. అది మరీ ఎక్కువైతే టెన్షన్ మాత్రమే మిగులుతుంది, దేవుడు తాళంచెవిలా తయారవుతాడు.

రెండో రకం జైలు గోడల లోపల, క్యాంపు ముళ్లకంచె లోపల జరుగుతుంది. ఇక్కడ చేయడానికి ఏమీ ఉండదు, భరించడమే. దగ్గరివాళ్లు పోయినవాళ్లకి, నయం కాని జబ్బుతో ఉన్నవాళ్లకి, కొడుకు మళ్లీ తాగొచ్చిన రాత్రిని ఎన్నోసారో దాటుతున్న తల్లికి ఈ కథలే పనికొస్తాయి. అయితే దుఃఖం పచ్చిగా ఉన్న మొదటి నెలల్లో మాత్రం ఇవ్వకండి. సమాధుల తోట నుంచి వచ్చిన వారానికే నాజీల ఆష్విట్జ్ క్యాంపు నవల చేతిలో పెడితే అది ఆదరణ కాదు. అలాంటప్పుడు పుస్తకం అసలు వద్దు, వెళ్లి పక్కన కూర్చోండి.

ఈ రకంలో చాలా నవలలకి నీడగా నిలిచే నిజమైన మనిషి మాక్సిమిలియన్ కోల్బే, పోలండ్ దేశపు ఫ్రాన్సిస్కన్ ఫాదర్. 1941 జులై చివర్లో ఆష్విట్జ్‌లో ఒక ఖైదీ కనిపించకపోయినందుకు పదిమందిని ఆకలితో చంపాలని ఎంచారు. అందులో ఫ్రాన్సిషెక్ గాయోవ్‌నిచెక్ అనే ఆయన, అయ్యో నా భార్య, నా పిల్లలు అని ఏడిస్తే, కోల్బే ముందుకొచ్చి ఆయన బదులు నన్ను తీసుకోమన్నాడు. ఆగస్టు 14న ఇంజెక్షన్‌తో కోల్బేని చంపారు. గాయోవ్‌నిచెక్ బతికాడు, 1982లో కోల్బేని పునీతుడిగా ప్రకటించిన రోజున అక్కడే ఉన్నాడు, 1995 వరకు ఉన్నాడు. కానీ ఆయన యుద్ధం నుంచి తిరిగొచ్చేసరికి కొడుకులిద్దరూ బాంబుదాడిలో చనిపోయి ఉన్నారు. ఏ పిల్లల కోసం ఏడ్చాడో ఆ పిల్లలే లేరు. ఈ చివరి సంగతి వదిలేసే కథలు నాకు చాలా కనబడ్డాయి. దాన్ని చెప్పి, అప్పుడు కూడా ఆ త్యాగం వృథా కాలేదని మనకి అనిపించేలా రాయగలిగిన రచయితని నమ్మొచ్చు. విజయవాడ కాథలిక్ మిత్రులకి కోల్బే త్వరగా దగ్గరవుతాడు. గుణదల కొండెక్కేవాళ్లకి ఆయన మరియమాత భక్తిని వేరే వివరించాల్సిన పని లేదు.

పిల్లలకి, ఎదురుచూసేవాళ్లకి, కుర్రాళ్లకి

పది నుంచి పదమూడేళ్ల పిల్లలకైతే నా మొదటి ఎంపిక లోయిస్ లోరీ రాసిన 'నంబర్ ది స్టార్స్'. 1989లో వచ్చిన చిన్న పుస్తకం. 1943లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్‌లో ఒక పాప, యూదురాలైన తన స్నేహితురాలు, మధ్యలో ఒక పడవ. దీన్ని క్రైస్తవ నవలగా అమ్మరు, కానీ పేరు మాత్రం 147వ కీర్తనలోదే. సండే స్కూల్ పిల్లలకి అధ్యాయం అధ్యాయం చదివి వినిపించడానికి వీలుగా ఉంటుంది. క్యాంపుల ఘోరాలు తెర మీదకి రావు.

భర్త గల్ఫ్‌లోనో సైన్యంలోనో ఉన్నవాళ్లకి, పిల్లలు అమెరికాలో ఉండి ఫోను కోసం చూసేవాళ్లకి ఉత్తరాల నవలలు బాగుంటాయి. యుద్ధభూమిలో పైలట్, ఇంటి దగ్గర నర్సు, మధ్యలో ఉత్తరాలు, చివర్లో పెళ్లి. అమెరికన్ క్రైస్తవ ప్రచురణల్లో ఇవే ఎక్కువ. ఇంగ్లీషు తేలిక, ఒక ఆదివారంలో అయిపోతుంది. ధైర్యం కంటే విశ్రాంతి ఎక్కువ ఇస్తాయి, విశ్రాంతి కూడా అవసరమే. ఇంతకు మించి వీటి నుంచి ఆశించకండి.

యూత్‌కి మాత్రం మనస్సాక్షి కథలు ఇవ్వాలని నా పట్టుదల. ఆయుధం పట్టాలా వద్దా అన్న ప్రశ్నకి ఆ యుద్ధంలోనే ముగ్గురు విశ్వాసులు మూడు దారులు తొక్కారు. డెస్మండ్ డాస్ సెవెంత్ డే అడ్వెంటిస్ట్. సైన్యంలో చేరాడు గానీ తుపాకీ ముట్టనన్నాడు. 1945లో ఒకినావాలో కొండ అంచు మీద నుంచి 75 మంది గాయపడ్డవాళ్లని తాళ్లతో దించాడని అమెరికా అతనికి అత్యున్నత పతకం ఇచ్చింది. ఆస్ట్రియా రైతు ఫ్రాంజ్ యాగర్‌స్టాటర్ హిట్లర్ కోసం పోరాడనని తిరస్కరించాడు. ముగ్గురు చిన్న కూతుళ్లు ఇంట్లో ఉండగా 1943 ఆగస్టు 9న తల నరికించుకున్నాడు. ఊళ్లో చాలామంది ఆయన్ని మూర్ఖుడన్నారు, సొంత బిషప్ కూడా కుటుంబాన్ని చూసుకోమనే సలహా ఇచ్చాడు. లూథరన్ పాస్టర్ డీట్రిచ్ బోన్‌హోఫర్ అహింసను ప్రేమించినవాడు, చివరికి హిట్లర్‌ని కూల్చే కుట్రలో ఉన్నవాళ్లతో కలిసి, 1945 ఏప్రిల్ 9న ఉరికంబం ఎక్కాడు. ఈ ముగ్గురిలో ఎవరిది వాక్యానుసారం అని అడిగితే మన కుర్రాళ్ల కూడిక రెండు గంటలు సాగుతుంది. ఇలాంటి ప్రశ్నకి రచయిత తొందరపడి తీర్పు చెప్పేసిన నవల కంటే, పాత్రని ఆ మథనంలో చాలాసేపు ఉంచిన నవల తీసుకోండి.

ఇంకో దారి కూడా ఉంది, చాలామంది మర్చిపోయేది. యుద్ధం అంటే హిట్లర్ యుద్ధమే కానక్కర్లేదు. ఫ్రాన్సీన్ రివర్స్ రాసిన 'ఎ వాయిస్ ఇన్ ద విండ్' క్రీ.శ. 70లో రోమా సైన్యం యెరూషలేమును కూల్చడంతో మొదలవుతుంది. 1993లో వచ్చింది, మూడు నవలల వరసలో మొదటిది. హదస్సా అనే క్రైస్తవ యూదు బాలిక ఆకలికీ కత్తికీ తన వాళ్లందరినీ పోగొట్టుకుని, రోములో ఒక ధనిక కుటుంబంలో బానిస అవుతుంది. లావుపాటి పుస్తకం, ప్రేమకథ పాలు కూడా ఎక్కువే, ఓపిక కావాలి. అయినా మన దగ్గర చాలామంది అమ్మాయిలు దీన్ని మళ్లీ మళ్లీ చదవడానికి కారణం నాకు అర్థమైంది. హదస్సా సమస్య యుద్ధం కంటే ఆ తర్వాతి జీవితం. తన విశ్వాసానికి విలువ లేని ఇంట్లో, నోరు తెరిస్తే ప్రమాదం అయిన చోట, ప్రేమగా పని చేస్తూ ఎలా బతకాలి? అత్తింట్లో, హాస్టల్‌లో, ఉద్యోగంలో ఆ ప్రశ్నతో ఉన్నవాళ్లు మన సంఘాల్లో ఎందరో.

నిజాయితీ గల నవలని గుర్తుపట్టడం

కొనేముందు చూడాల్సిన దాన్లో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది, ఆ నవలలో సంఘం ఎలా కనబడుతోందన్నది. క్రైస్తవులందరూ యూదుల్ని కాపాడారని, నాజీలందరూ దేవుడు లేనివాళ్లని రాసిన పుస్తకం అబద్ధం చెబుతోంది. జర్మనీ అంటే జనంలో చాలామంది బాప్తిస్మం పొందిన క్రైస్తవ దేశం. అక్కడ 'జర్మన్ క్రైస్తవులు' అనే పేరుతోనే ఒక పెద్ద వర్గం హిట్లర్‌ని నెత్తిన పెట్టుకుంది. యూదు సంతతి పాస్టర్లని తీసేయాలని ఒత్తిడి తెచ్చింది. 1938లో చాలామంది పాస్టర్లు హిట్లర్‌కి విధేయత ప్రమాణం చేశారు. 1543లో మార్టిన్ లూథర్ యూదుల మీద రాసిన కఠినమైన పుస్తకాన్ని నాజీలు వాడుకున్నారు. 1842లో హేయర్ అయ్యగారు అడుగుపెట్టినప్పటి నుంచి లూథరన్ సంఘం ఉన్న మన గుంటూరులో ఇది చెప్పుకోవడం బాధగానే ఉంటుంది, అయినా చెప్పుకోవాలి. అదే లూథరన్ ఇంట్లో బోన్‌హోఫర్ కూడా పుట్టాడు. 1934లో బార్మెన్‌లో కూడిన పాస్టర్లు సంఘానికి ప్రభువు క్రీస్తు ఒక్కడేనని ప్రకటించారు. 1942 ఈస్టర్ రోజున నార్వే పాస్టర్లు నాజీల అదుపులోని ప్రభుత్వంలో తమ పదవులు వదిలేశారు. డెన్మార్క్ బిషప్పుల లేఖని 1943 అక్టోబరు 3న చర్చిల్లో చదివారు, యూదుల్ని వేటాడడం తప్పని అందులో తెగేసి చెప్పారు. ఆ నెలలోనే దాదాపు ఏడు వేలమంది యూదులు పడవల్లో స్వీడన్ చేరారు. ఒకే బైబిలు చదివిన సంఘాలు ఇలా రెండుగా చీలాయని చూపించే నవలలో ధైర్యం అనే మాటకి బరువుంటుంది. అందరూ వీరులైతే ధైర్యంతో పనేముంది?

రెండోది, యూదు పాత్రలు మనుషుల్లా ఉన్నాయా అని చూడండి. వాళ్లకి సొంత ప్రార్థన, సొంత కోపం, సొంత హాస్యం ఉండాలి. క్రైస్తవ కథానాయిక మంచితనం చూపించడానికి మాత్రమే వాళ్లని వాడుకుని, చివర్లో బాప్తిస్మం ఇప్పించి ముగించే నవలలు నా బీరువాలోకి రావు. ఆ కాలంలో బాప్తిస్మం పొందిన యూదుల్ని కూడా చంపేశారు. కార్మెలైట్ సిస్టర్ ఎడిత్ స్టెయిన్‌ని 1942 ఆగస్టులో ఆష్విట్జ్‌కి తీసుకెళ్లింది ఆమె యూదు రక్తం కోసమే.

మిగతావి త్వరగా చూసేయొచ్చు. చివర రచయిత మాట ఉందా, ఏది చరిత్ర ఏది కల్పన అని అందులో చెప్పారా? మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి అక్కడున్న ప్రార్థన చదవండి. భయపడ్డ మనిషి ప్రార్థనలా ఉందా, ప్రసంగంలా ఉందా? ఈ ఒక్క పరీక్షతో సగం పుస్తకాలు పక్కకి పోతాయి.

నవలా, నిజ జీవిత కథా?

నిజంగా జరిగిన కథ ఉండగా కల్పన ఎందుకని మా అయ్యగారే ఒకసారి అడిగారు. కొరీ టెన్ బూమ్ 1971లో ప్రచురించిన 'ది హైడింగ్ ప్లేస్' ఆ ప్రశ్నకి గట్టి ఆధారం. హాలండ్‌లోని హార్లెంలో గడియారాలు బాగుచేస్తూ, యూదుల్ని ఇంట్లో దాచిన కుటుంబం. 1944 ఫిబ్రవరి 28న సోదా జరిగింది. 84 ఏళ్ల తండ్రి పది రోజుల్లో ఖైదీగానే కన్నుమూశాడు. అక్క బెట్సీ అదే డిసెంబరులో రావెన్స్‌బ్రూక్ క్యాంపులో చనిపోయింది. దొంగ గోడ వెనక దాక్కున్న ఆరుగురు మాత్రం సైనికులకి దొరకలేదు. బ్యారక్‌లో మిన్నల్లుల (కుట్టే చిన్న పురుగుల) బాధ భరించలేకపోతుంటే వాటికి కూడా దేవునికి స్తోత్రం చెప్పమంటుంది బెట్సీ. ఆ మిన్నల్లుల భయంతోనే కాపలావాళ్లు లోపలికి రాలేదని, అందుకే అక్కడ బైబిలు చదువుకోగలిగామని వాళ్లకి తర్వాత తెలుస్తుంది. ఇది నవలలో రాస్తే నమ్మం. ఆమె రాసింది కాబట్టి నమ్ముతాం.

ధైర్యం కావాలంటే నిజ కథే బలమైనది, అందులో నాకు సందేహం లేదు. కానీ జీవిత కథ రాసే వ్యక్తి అప్పటికే అన్నీ దాటి వచ్చి ఉంటారు. సందేహంలో, కోపంలో, దేవుడు పలకని రోజుల్లో ఉన్నవాడి లోపలికి నవల ఎక్కువగా తీసుకెళుతుంది. ఆ పాత్ర గెలుస్తుందో లేదో మనకి తెలియదు, మన జీవితంలాగే. అందుకే ముందు నవల, ఆ తర్వాత అదే సంఘటన గురించి నిజ కథ, ఈ వరసలో ఇస్తాను. డెన్మార్క్ నవల చదివిన పిల్లకి అక్టోబరు 3 లేఖ గురించి చెప్పినప్పుడు, "అయితే నిజంగానే చదివారా ఆంటీ?" అని అడుగుతుంది. అక్కడి నుంచి చరిత్ర తన సొంతమవుతుంది.

ఇంక భాష సంగతి. ఈ నవలల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే ఉన్నాయి. తెలుగు అనువాదం కోసం ఆగితే చాలామంది చదవకుండానే ఉండిపోతారు. స్త్రీల సమాజంలో మేం చేసేది చెబుతాను: ఇంగ్లీషు వచ్చిన ఒకరు వారానికి రెండు అధ్యాయాలు చదివి వచ్చి, మిగతావాళ్లకి తెలుగులో కథలా చెబుతారు. పెద్దావిడలు మధ్యలో ఆపి అడుగుతారు, తమ ఇంటి సంగతులు చెబుతారు, రంగూన్ నడక లాంటివి అలాగే బయటికొస్తాయి. ఒంటరిగా చదివిన దానికంటే అలా విన్నదే వాళ్లకి ఎక్కువ గుర్తుంటోంది. చెప్పేవాళ్లు తప్పనిసరిగా పుస్తకం మొత్తం ముందే చదివి ఉండాలి. ఎవరు చనిపోతారో తెలియకుండా చెప్పడం మొదలుపెడితే, కొత్తగా భర్తని పోగొట్టుకున్న సోదరి ఎదురుగా ఇబ్బంది పడతారు.

కొనడానికి విజయవాడలో జనవరి పుస్తక మహోత్సవం మంచి సమయం. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల్లో ఇంగ్లీషు నవలల మధ్య ఇలాంటివి అప్పుడప్పుడు తగులుతాయి, ఓపికగా వెతకాలి. ఆన్‌లైన్‌లో తీసుకునేవాళ్లు ముందు శాంపిల్ పేజీలు చదవండి. అట్ట మీద విమానాలు, ఎర్ర కోటు అమ్మాయి చూసి నిర్ణయించుకోవద్దు.

ఒక్కటే చెప్పమంటే, మామూలుగా ఉన్నవాళ్లకి దాచిన ఇంటి నవల ఇస్తాను. శ్రమలో ఉన్నవాళ్లకైతే నవల పక్కనపెట్టి 'ది హైడింగ్ ప్లేస్' ఇస్తాను, మొదట బెట్సీ ఉన్న అధ్యాయాలు చదవమని చెబుతాను. ఇంగ్లీషు రాకపోతే శనివారం సాయంత్రం సమాజం కూడికకి రమ్మంటాను.